ఊరి చిన్నపిల్లల కోసం డబ్బు పెట్టాలనుకుంటే: బిల్డింగా, ఇంగ్లీష్ నర్సరీయా, అంగన్‌వాడీలో ఇంకో మనిషా?

సంక్రాంతికి ఊరొచ్చినవాళ్లు నలుగురు కూర్చున్నప్పుడో, ఊరి వాట్సాప్ గ్రూపులో ఎవరో అమెరికా నుంచి "పిల్లలకి ఏదైనా చేద్దాంరా" అన్నప్పుడో మాట ఎటు పోతుందో ముందే చెప్పొచ్చు. ఒకాయన అంగన్‌వాడీకి రంగులేయిద్దాం అంటాడు, గోడ మీద ఏనుగు, చిలక, ఏబీసీడీలు. ఇంకొకాయన ఊళ్లోనే ఇంగ్లీష్ మీడియం నర్సరీ పెట్టేద్దాం అంటాడు. మూడో ఆయన బ్యాగులు, స్టీలు ప్లేట్లు పంచుదాం అంటాడు. ఫొటోలు మాత్రం అన్నింటికీ బాగానే వస్తాయి.

ఇలాంటి గ్రూపుల్లో చాలాకాలంగా ఉన్నవాణ్ని కాబట్టి నా తీర్పు ముందే చెప్పేస్తా. అంగన్‌వాడీ సెంటర్‌కి కారని కప్పు, తాగే నీళ్లు, వాడదగ్గ మరుగుదొడ్డి ఉంటే మీ డబ్బు మనిషి మీద పెట్టండి, వస్తువుల మీద వద్దు. అందులోనూ మూడేళ్ల లోపు పిల్లల్ని వదిలేయకండి, ఎందుకంటే వాళ్ల గురించి ఎవరూ మీటింగులో మాట్లాడరు, వాళ్లకి స్కూలూ లేదు యూనిఫాం లేదు కాబట్టి దాతకి కనపడరు. ఏడాదికి లక్ష నుంచి మూడు లక్షల దాకా పోగుచేయగల ఊరి కమిటీలు, చిన్న ట్రస్టులు, బయట స్థిరపడినవాళ్ల కోసం రాస్తున్నా ఇది. కోట్లున్నవాళ్ల లెక్కలు వేరు.

ముందు ఊళ్లో ఏముందో చూడండి

అంగన్‌వాడీల్ని నడిపే కేంద్ర పథకం ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవలు) 1975 అక్టోబర్ 2న మొదలైంది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా అంగన్‌వాడీ సెంటర్లున్నాయి, అంటే మీ ఊళ్లో ఒకటైనా ఉండే ఉంటుంది. గర్భిణులు, బాలింతలు, ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలు, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు అందరూ దాని లెక్కలోకే వస్తారు. చిన్నవాళ్లకి ఇంటికి బాలామృతం అనే పోషకాహార పొడి ప్యాకెట్టు ఇస్తారు, నెలకి రెండున్నర కిలోలు, దాంతో పాటు గుడ్లు. పెద్దవాళ్లకి సెంటర్లోనే అన్నం, పప్పు, గుడ్డు. ప్రభుత్వం మారితే పథకం పేరూ ప్యాకెట్ మీద బొమ్మా మారతాయి, సరుకు కాస్త అటూ ఇటూ అవుతుంది, అంతే.

ఇంత తిండి ఇస్తున్నా 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్ల లోపు పిల్లల్లో వయసుకి తగ్గ ఎత్తు లేనివాళ్లు ఆంధ్రలో 31 శాతం, తెలంగాణలో 33 శాతం. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు వాళ్లలో రక్తహీనత ఆంధ్రలో 63 శాతం, తెలంగాణలో 70. తిండి ఒక్కటే పంపితే సరిపోదని ఈ అంకెలు చూస్తే తెలుస్తుంది. అది ఇంట్లో ఎవరు తింటున్నారు, పిల్లకి విరేచనాలు ఎన్నిసార్లవుతున్నాయి, తాగే నీళ్లు ఎలా ఉన్నాయి, తల్లికి ఓపిక ఉందా, ఇవన్నీ కలిస్తేనే ఎదుగుదల. బాలామృతం ఇంటిల్లిపాదీ లడ్డూలు చేసుకుని తినడం చాలా ఇళ్లలో మామూలే. తప్పు పట్టడానికి లేదు, ఇంట్లో ఇంకో ఇద్దరు పిల్లలుంటే వాళ్ల ముందు ఒక్కదానికే పెట్టమంటే ఏ తల్లికి చేతులొస్తాయి?

ఇప్పుడు ఒక పని చేయండి. చందా అడిగే ముందు, ఎస్టిమేట్ రాసే ముందు, ఒకరోజు పొద్దున పదింటికి సెంటర్‌కి వెళ్లి మధ్యాహ్నం భోజనాల దాకా ఊరికే ఓ మూల కూర్చోండి. సాధారణంగా కనిపించేది ఇది: టీచరమ్మ గుమ్మం దగ్గర ఫోన్ పట్టుకుని ఒక బాలింత ముఖం సెంటర్ లెక్కలు ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్‌లో పట్టించడానికి తిప్పలు పడుతుంటుంది, "కాస్త వెలుతురులోకి తిరగమ్మా, కళ్లు మూసి తెరువు" అని. చంకలో పిల్ల ఏడుస్తుంటుంది. ఆయా వెనక కుక్కర్ దగ్గర. చాప మీద పదిహేను ఇరవై మంది పిల్లలు, అందులో కాస్త పెద్ద పిల్ల ఒకతి బెత్తం పట్టుకుని గోడ మీది అక్షరాలు చూపిస్తూ మిగతావాళ్లతో అరిపిస్తుంటుంది. తర్వాత తూకాలు, గుడ్ల లెక్క, సూపర్‌వైజర్ ఫోన్, భోజనం. మూడున్నరేళ్ల పిల్లవాడితో ఒక పెద్ద మనిషి కూర్చుని మాట్లాడిన సమయం ఎంత అని చూస్తే చేతికి ఏమీ చిక్కదు. టీచర్ బద్ధకం అనుకోకండి. తెలంగాణలో నెలకి 13,650, ఆంధ్రలో 11,500 గౌరవ వేతనంతో ఎన్నో ఏళ్లుగా నెట్టుకొస్తున్న మనిషి ఆవిడ, జీతం పెంచమని ఆంధ్రలో 2023 డిసెంబర్ నుంచి 42 రోజులు సమ్మె చేస్తే గాని ఎవరూ వాళ్లవైపు చూడలేదు.

బిల్డింగ్, రంగులు, బొమ్మలు

త్వరగా తేల్చేస్తా. కప్పు కారుతుంటే, కరెంటు లేకపోతే, నీళ్లు లేకపోతే ముందు అదే చేయండి, మిగతా వ్యాసం చదవక్కర్లేదు. కొత్త బిల్డింగ్ మాత్రం మీ నెత్తిన వేసుకోకండి. ఉపాధి హామీ నిధులు కలిపి అంగన్‌వాడీ భవనాలు కట్టే ఏర్పాటు ప్రభుత్వంలో ఎప్పటినుంచో ఉంది, మీ పని పంచాయతీ తీర్మానం చేయించి, స్థలం చూపించి, సీడీపీఓ (అంగన్‌వాడీల మీద ప్రాజెక్టు అధికారి) ఆఫీసు చుట్టూ తిరగడం. తిరగడానికి ఓపిక కావాలి గాని డబ్బు అక్కర్లేదు.

బొమ్మల సంగతి. దాతలిచ్చిన బొమ్మలు ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఇనుప బీరువాలో తాళం వేసి ఉండటం మీరూ చూసే ఉంటారు. టీచర్‌ని అడిగితే "స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కాయండీ, విరిగితే నేను చెప్పుకోవాలి" అంటుంది. కాబట్టి ఇచ్చేటప్పుడే ఒక కాగితం మీద, విరిగిపోవడానికే ఇస్తున్నాం, ఏడాదికోసారి కొత్తవి తెస్తాం అని రాసి సంతకం పెట్టి సూపర్‌వైజర్ ముందు ఇవ్వండి. రిమోట్ కార్లు, బార్బీలు వద్దు. చెక్క దిమ్మెలు, బంతులు, మట్టి, కొబ్బరి చిప్పలు, సీసా మూతలు, ఖాళీ అగ్గిపెట్టెలు, బొమ్మల పుస్తకాలు. చింతపిక్కలు, గవ్వలు లెక్కలకి చాలా మంచివే గాని మూడేళ్ల లోపు పిల్లలు అందుకునే చోట పెట్టకండి, గొంతులో ఇరుక్కుంటే ఆస్పత్రి దాకా వెళ్లే టైం ఉండదు.

ఇంగ్లీష్ మీడియం నర్సరీ

ఇక్కడ గొడవ మొదలవుతుందని తెలుసు. కూలికి పోయే తల్లి కూడా అప్పు చేసి మూడేళ్ల పిల్లని ఆటో ఎక్కించి మండల కేంద్రానికి పంపుతోందంటే ఆవిడేం పిచ్చిది కాదు. ఎనిమిదింటికి ఆటో వస్తుంది, నాలుగింటికి తెచ్చి దింపుతుంది, ఈలోపు ఆవిడ పని చేసుకోవచ్చు. హోంవర్క్ ఉంటుంది, చదువు కళ్లకి కనపడుతుంది. అంగన్‌వాడీలో? "అన్నం తిని వచ్చేస్తారు" అంటారు, అందులో నిజం ఉంది కూడా.

కానీ ఆ హోంవర్క్ పుస్తకం ఒకసారి తెరవండి. ఎల్‌కేజీ పిల్లాడు పేజీల కొద్దీ క్యాపిటల్ లెటర్లు రాసుంటాడు, వేళ్లు ఇంకా పట్టు రాని వయసులో పెన్సిల్ విరిగేలా నొక్కి. ఏదైనా బొమ్మ చూపించి "ఇక్కడ ఏం జరుగుతోంది చెప్పు" అని తెలుగులో అడగండి. కుక్క అంటాడు, ఆగిపోతాడు. ఆ కుక్క ఎక్కడికి పోతోంది, ఎందుకు పరిగెత్తుతోంది అని అల్లడం వాడికి ఎవరూ అలవాటు చేయలేదు. ఇల్లు తెలుగు, టీచర్‌కి వచ్చింది కూడా అరకొర ఇంగ్లీషే, మధ్యలో పిల్లాడు రెండు భాషల్లోనూ మూగవాడవుతాడు.

ప్రైవేటు స్కూలు అంటే చదువు అదే వచ్చేస్తుందన్న నమ్మకానికి ఒక పాత పరీక్ష ఉంది, మన దగ్గరే జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి ఐదు జిల్లాల 180 గ్రామాల్లో లాటరీ వేసి కొంతమంది ప్రభుత్వ బడి పిల్లలకి ప్రైవేటు బడి ఫీజు కట్టి పంపారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ నాలుగేళ్లు వెంటపడి చూశారు. తెలుగులో, లెక్కల్లో తేడా లేదు. హిందీలో ప్రైవేటు పిల్లలు ముందున్నారు, ప్రభుత్వ బడిలో ఆ వయసుకి హిందీ చెప్పరు కాబట్టి. ప్రైవేటు బడి తలకి పెట్టే ఖర్చు చాలా తక్కువ, ఆ మెచ్చుకోలు వాళ్లకి ఇవ్వాల్సిందే. ఇది ప్రైమరీ తరగతుల కథ, నర్సరీది కాదు, అయినా ఫీజు కట్టేద్దాం అనే కమిటీకి చెప్పాల్సిన కథ.

దాతగా నా అభ్యంతరం వేరే. ఫీజులు కట్టే పథకం పెడితే ముందు అందుకునేది కాస్త తెలివిడి ఉన్న ఇల్లు. కమిటీ ప్రెసిడెంట్‌కి తెలిసిన ఇల్లు. పిల్లకి పదిహేను వేలు అనుకున్నా పదిహేను మందికి రెండు లక్షల పాతికవేలు, మిగిలిన పిల్లలు ఇంకా పలచబడిన సెంటర్లో. ఊళ్లోనే నర్సరీ పెడితే రెండో ఏడాదికి టీచర్ పెళ్లై వెళ్లిపోతుంది, మూడో ఏడాదికి చందాలు ఆగిపోతాయి. అంగన్‌వాడీ అసలు లేని తండా అయితేనో, టీచర్ పోస్టు ఖాళీగా ఉండి ఎన్ని అర్జీలు పెట్టినా నింపకపోతేనో అప్పుడు ఆలోచించండి, అప్పుడు కూడా తెలుగులో, ఆటల బడిగా.

తల్లి మాత్రం మిమ్మల్ని "పంపనా వద్దా" అని అడిగితే ఉపన్యాసం ఇవ్వకండి. బడిలో టీచర్ పిల్లలతో తెలుగులో మాట్లాడుతుందా, నర్సరీ నుంచే రాతలు మొదలుపెడతారా, ఆటోలో ఎంతమందిని కుక్కుతారు, ఈ మూడూ చూసి రమ్మనండి. ఆటో సంగతి చూసి వచ్చాక సగం మంది మనసు మార్చుకుంటారు.

సెంటర్లో ఇంకో మనిషి

నా ఓటు దీనికే. తమిళనాడులో 640 అంగన్‌వాడీలు తీసుకుని, అందులో సగం చోట్ల చదువు, ఆటలు మాత్రమే చూసుకోడానికి సగం పూట పనిచేసే ఒక స్థానిక మహిళని అదనంగా పెట్టి చూశారు. పిల్లలతో గడిపే సమయం రెట్టింపైంది, లెక్కలు, భాష మెరుగయ్యాయి. అంతటితో ఆగలేదు, ఎత్తు పెరగనివాళ్లు, తీవ్రమైన పోషకాహార లోపం ఉన్నవాళ్లు కూడా తగ్గారు, ఎందుకంటే పాత టీచరమ్మకి తూకాలు, తిండి, ఇళ్ల విజిట్లు చూసుకునే తీరిక దొరికింది. ఒక మనిషిని పెడితే రెండు పనులూ కుదురుకున్నాయన్నమాట.

మన దగ్గర ఎలా చేయాలంటే, ఊళ్లోనే ఇంటర్ చదివి ఇంట్లో ఉన్న కోడలో కూతురో ఎవరో ఒకరుంటారు. పొద్దున తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా. నెలకి ఆరు వేలు అనుకుందాం, ఏడాదికి 72 వేలు, మెటీరియల్‌కి ఇంకో పది, పదిహేను. అంటే లక్షలోపు. డిగ్రీ కంటే పిల్లలతో నేల మీద కూర్చోగలదా, గొంతెత్తకుండా కథ చెప్పగలదా చూడండి. ఎంపిక రోజున ఇంటర్వ్యూ పెట్టొద్దు, ఒక గంట పిల్లల మధ్య వదలండి, తెలిసిపోతుంది. గోండి, కోయ, సవర మాట్లాడే గూడెం అయితే ఆ భాష మాట్లాడే అమ్మాయే కావాలి, ఇందులో బేరం లేదు. మూడేళ్ల పిల్ల ఇంటి భాష ఒకటి, సెంటర్ భాష ఇంకొకటి అయితే రోజంతా బిక్కుబిక్కుమంటూ కూర్చుంటుంది.

చెడేది ఎక్కడో కూడా చెప్తా. మొదటిది, నెల తిరక్కుండా ఆ అమ్మాయి చేతికి రిజిస్టర్లు వస్తాయి. "నీకు ఫోన్ బాగా వచ్చు కదమ్మా, కాస్త ఎంట్రీ చెయ్యి" అంటారు. రెండోది, ఆయాకి అనుమానం, నా పోస్టుకి ఎసరు పెట్టడానికి వచ్చిందేమో అని. మూడోది, సీడీపీఓకి చెప్పకుండా పెడితే ఒకరోజు సూపర్‌వైజర్ వచ్చి ఈవిడెవరు అంటుంది. అందుకని ముందే సీడీపీఓని కలవండి, పంచాయతీ తీర్మానం కాపీ ఇవ్వండి, ఈ అమ్మాయి రిజిస్టర్, యాప్, వంట ముట్టుకోదని రాసుకోండి. డబ్బు చేతికి ఇవ్వకుండా డ్వాక్రా గ్రామ సంఘం ఖాతా ద్వారా ఇప్పించండి, అప్పుడు పిల్లల తల్లులే ఆవిడకి యజమానులవుతారు, "ఇవాళ రాలేదేం" అని అడిగే హక్కు వాళ్లకి ఉంటుంది. రెండేళ్ల డబ్బు ముందే బ్యాంకులో లేకపోతే మొదలుపెట్టకండి.

ఏం చెప్పాలన్నదానికి కొత్త సిలబస్ కనిపెట్టక్కర్లేదు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లల కోసం కేంద్రం 2024లో తెచ్చిన ఆధారశిల అనే సిలబస్ ఉంది, ఆటలతోనే నడుస్తుంది, టీచర్‌ని అడిగితే ఆవిడ ట్రైనింగ్‌లో ఇచ్చినవి చూపిస్తుంది.

మూడేళ్ల లోపు

జమైకాలో కింగ్‌స్టన్ పేదవాడల్లో 1986-87లో ఎదుగుదల ఆగిన 129 మంది పసిపిల్లల్ని తీసుకున్నారు. కొందరి ఇళ్లకి రెండేళ్లపాటు వారానికో గంట ఆరోగ్య కార్యకర్త వెళ్లి, ఇంట్లో చేసిన బొమ్మలతో పిల్లతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లికి చూపించింది. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్లల సంపాదన, మిగతావాళ్ల కంటే పాతిక శాతం ఎక్కువ. పాలపొడి లాంటి అదనపు తిండి మాత్రమే అందుకున్నవాళ్లలో అంతకాలం నిలిచిన లాభం కనపడలేదు. పెద్ద కార్యక్రమాలకి ఈ ఫలితం యథాతథంగా వస్తుందని చెప్పలేం, చిన్న గుంపు అది. కానీ ఒడిశా పల్లెల్లో తర్వాత చేసి చూసినప్పుడు ఇంటింటికీ వెళ్లినా, తల్లుల్ని ఒకచోట కూర్చోబెట్టినా పిల్లల తెలివితేటల్లో, మాటల్లో లాభం దాదాపు ఒకేలా వచ్చింది, గ్రూపుకి ఖర్చు మాత్రం చాలా తక్కువ.

అందుకే మన ఊళ్లకి గ్రూపే మేలంటాను. వారానికోసారి, పనుల్లోకి పోని పూట, ఆరేడుగురు తల్లులు పిల్లల్తో. నాయనమ్మల్ని తప్పకుండా పిలవండి, కూలి రోజుల్లో బిడ్డ ఉండేది ఆవిడ దగ్గరే, "అప్పుడే గుడ్డు పెడితే అరగదు" అనేది కూడా ఆవిడే. ఆఫీసర్ స్పీచ్ వద్దు. గిన్నె కింద బంతి దాచి వెతికించడం, నీళ్లు పోసేటప్పుడు చెయ్యి, కాలు, బొజ్జ అని పేరు పెట్టి పలకడం, కంది కాయలు ఒలిచేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని కబుర్లు. ఫోన్ ఇచ్చి అన్నం తినిపించడం ఆపమంటే గొడవ పడతారు, ఆపమనకండి, ఆ టైంలో చేయడానికి ఇంకో ఆట ఇవ్వండి. తిడితే వచ్చే వారం రారు.

ఇక్కడే ఇంకో లాభం. ఏడాదిన్నర దాటినా నడవని పిల్ల, రెండేళ్లు వచ్చినా రెండు మాటలు కలపని పిల్ల, పిలిస్తే తిరగని పిల్ల గ్రూపులో వెంటనే కనపడిపోతారు. "వాళ్ల నాన్నకీ మాటలు ఆలస్యమే" అని ఆగిపోకండి. సెంటర్లకి పరీక్షలు చేయడానికి వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ కార్యక్రమం) డాక్టర్ల టీమ్ ఎప్పుడొస్తుందో ఆశా కార్యకర్తని అడిగి ఆ రోజు ఆ ఇంటివాళ్లని కూలి మాన్పించి తీసుకురండి, ఆ ఒక్కరోజు కూలి మీ ఫండ్‌లోంచి ఇస్తే ఇంకా మంచిది.

వలస ఊళ్లు, కూలి సీజన్లు

పైన చెప్పినదంతా ఇళ్లలో తల్లులు ఉండే ఊళ్లకి. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి మిర్చి కోతలకి గుంటూరు పోయే కుటుంబాలున్న చోట లెక్క తిరగబడుతుంది. పిల్ల వాళ్లతో పోయి చేను గట్టున చీర ఉయ్యాల్లో ఉంటుంది, లేదా ఊళ్లో ముసలమ్మ దగ్గర. అలాంటి చోట నర్సరీ, గ్రూపు రెండూ పక్కన పెట్టి సీజన్ నాలుగు నెలలు పిల్లల్ని చూసుకునే చోటు పెట్టండి, పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఐదు దాకా, పది మంది పసిపిల్లలకి కనీసం ఇద్దరు మనుషులు. ఖరీదైన పనే. పాలు, నిద్ర, గుడ్డలు, జ్వరం అన్నీ మీ బాధ్యత, ఒక్కరితో సరిపెడదాం అనుకుంటే అసలు మొదలుపెట్టకండి. పోయేవాళ్ల పేర్లు మాత్రం పోయే ముందే పోషణ్ ట్రాకర్‌లో వెళ్లే ఊరి సెంటర్‌కి మార్చమని టీచర్‌ని అడగండి. దీనికి పైసా ఖర్చు లేదు, అక్కడ కూడా బాలామృతం అడగడానికి ఒక ఆధారం ఉంటుంది.

మూడు లక్షలుంటే, వలస లేని ఊరైతే, సెంటర్‌కి ఒక అమ్మాయి, మూడేళ్ల లోపు గ్రూపు నడిపే ఇంకో అమ్మాయి, మిగిలింది రెండో ఏడాదికి బ్యాంకులో. లక్షే ఉంటే, రెండో ఏడాదికి ఇంకో లక్ష పోగయ్యేదాకా ఆగి సెంటర్ అమ్మాయి ఒక్కతే. ఇరవై వేలే ఉంటే మనిషి జోలికి పోకండి, మూడు నెలలకి ఆపేయడం కంటే మానేయడం నయం. ఆ ఇరవై వేలతో నీళ్ల ఫిల్టర్, చిన్నపిల్లల ఎత్తుకి సరిపోయే చేతులు కడుక్కునే కొళాయిలు పెట్టించి, మిగిలిన డబ్బుకి తెలుగు బొమ్మల పుస్తకాలు కొనండి. రంగులెయ్యాలని కుర్రాళ్లు మరీ పట్టుబడితే బ్రష్షులు వాళ్ల చేతికే ఇవ్వండి, పెయింటర్ కూలి మిగులుతుంది.